మౌనముద్ర వెనుక మాట: ఫిన్నిష్ సంభాషణాశైలిపై పరిశీలన

ఫిన్లాండ్ ప్రజలు మాట పొదుపరులనీ, వారి కంఠంలో ఎగుడుదిగుడులు ఉండవనీ, మర్యాద మాటలు వారికి పట్టవనీ ఐరోపాలో స్థిరపడిన అభిప్రాయం. దీనికి శాస్త్రగౌరవం తెచ్చినవారు బయటివారు కారు. ఫిన్నిష్ భాషాశాస్త్రజ్ఞులు యాక్కో లెహ్తోనెన్, కారి సయావారా 1985లో ‘ది సైలెంట్ ఫిన్’ అనే వ్యాసం ప్రకటించి, 1997లో అదే విషయాన్ని పునఃపరిశీలించారు. వ్యాసంలోని చర్చ కంటే దాని శీర్షికే ఎక్కువ ప్రచారం పొందింది. శీర్షిక జాతిస్వభావాన్ని సూచిస్తుంది. పరిశీలించవలసినవి మాత్రం భాషానిర్మాణం, శ్రోత అలవాట్లు.

స్వరాన్నే ముందుగా చూడవచ్చు. ఫిన్నిష్‌లో ఊనిక పదాదిన పడుతుంది; వాక్యస్వరం సాధారణంగా చివరికి దిగుతుంది. ప్రశ్న కోసం స్వరం పైకి లేపనక్కరలేదు, క్రియకు ‘కొ’ ప్రత్యయం చేరితే చాలు. ‘తులెత్’ అంటే వస్తావు, ‘తులెత్కొ’ అంటే వస్తావా. ‘ఆ’ చేర్చి ప్రశ్నించే తెలుగువారికి ఇందులో వింత లేదు. స్వరారోహణను ఆసక్తికి గుర్తుగా భావించే ఇంగ్లీషు శ్రోతకు మాత్రం ఇది నిరాసక్తతగా వినబడుతుంది. మర్యాద విషయమూ ఇంతే. ‘ప్లీజ్’కు సరితూగే నిత్యవ్యవహార పదం ఫిన్నిష్‌లో లేదు. కాఫీ అడిగేవారు ‘సైసిన్కొ కహ్వియ’ అంటారు. అభ్యర్థనలోని మెత్తదనమంతా ఆ క్రియారూపంలోనే ఇమిడి ఉంది. తెలుగులోనూ ‘దయచేసి’ ప్రకటనల భాష. అంగడిలో ‘కాస్త ఇస్తారా’ అన్నప్పుడు బహువచనమూ ప్రశ్నరూపమూ ఆ పని చేస్తాయి. ‘ప్లీజ్’లను లెక్కపెట్టే కొలబద్దతో చూస్తే తెలుగువారూ మర్యాద తెలియనివారే అవుతారు.

మౌనం సంగతి ఇంత సులభంగా తేలదు. డోనల్ కార్బా 2006లో సహపరిశోధకులతో కలిసి, నిశ్శబ్దంగా తన ఆలోచనల్లో తానుండటాన్ని ఫిన్నిష్ సమాజం సహజస్థితిగా ఎంచుతుందని వివరించాడు. లోపమనుకున్నదాన్ని విలువగా చూపిన ఈ వివరణ సానుభూతితో కూడినదే. అయినా జాతి మొత్తానికి ఒకే నమూనా అనే భావన దీనివల్ల కదలలేదు. సావో ప్రాంతీయులు మాటకారులనీ, హామె వారు నిదానస్థులనీ ఫిన్లాండ్ లోపలే మరో మూసల వరుస ఉంది. ఇక మార్యా-లేనా సోర్యొనెన్ 2001లో వెలువరించిన గ్రంథం ‘యో’, ‘నీన్’ వంటి చిన్న ప్రతిస్పందన పదాల మీద సాగింది. నోరు మెదపరనుకున్నవారు ఊకొట్టే తీరును వివరించడానికి ఒక గ్రంథమే పట్టింది!

సాహిత్యసాక్ష్యం మరింత బలమైనది. అలెక్సిస్ కివి 1870 నాటి నవల ‘ఏడుగురు అన్నదమ్ములు’లో యూకొలా సోదరులు వాదులాడతారు, ప్రగల్భాలు పలుకుతారు, కథలు చెబుతారు; నవలలో చాలా భాగం నాటకఫక్కి సంభాషణే. ఆ చిత్రణను విమర్శకుడు ఆగుస్ట్ ఆల్‌క్విస్ట్ తీవ్రంగా ఖండించాడు. 1875లో జకరియాస్ టొపెలియస్ స్వీడిష్‌లో రాసిన బడిపుస్తకం నిదానం, ఓర్పు గల ఫిన్నిష్ మనిషిని తరతరాల విద్యార్థుల ముందు నిలిపింది. గలగలలాడే యూకొలా సోదరుల కంటే ఈ మనిషే జాతికి గౌరవప్రదమైన ప్రతినిధిగా కనిపించి ఉండాలి. పుట్టుకతో వచ్చిన గుణంగా నేడు చెప్పుకునేదానిలో బడి పాఠం వాటా తక్కువేమీ కాదు.

ఇప్పుడు ఆ పాత్రను సినిమా పోషిస్తోంది. ఆకి కౌరిస్మాకి చిత్రాలలోని నిర్వికార ముఖాలను, చదునైన సంభాషణను విదేశీ ప్రేక్షకులు ఫిన్లాండ్ నిత్యజీవితానికి నకలుగా స్వీకరిస్తున్నారు. కౌరిస్మాకి తన గురువులుగా చెప్పుకొన్నది ఫ్రాన్సుకు చెందిన బ్రెస్సాన్‌ను, జపాన్‌కు చెందిన ఒజును.