ఒక కరపత్రంలోని ధ్వని

ప్రకటనల భాష విమర్శకు తగిన వస్తువు కాదనేవారున్నారు. మధ్యతరగతి ఇళ్లలో నేడు నవలకంటె శ్రద్ధగా చదివే తెలుగు వచనం అదేనని నా అనుమానం. నా భార్యకు ఏడవ నెల వచ్చినప్పుడు హనుమకొండలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మా చేతికొక కరపత్రం వచ్చింది. పుట్టబోయే బిడ్డ బొడ్డుతాడు రక్తాన్ని రుసుము తీసుకుని దాచిపెట్టే సంస్థవారిది. దాచాలా, వద్దా అని వారం రోజులు ఇంట్లో చర్చ. మాయను పెరట్లో పాతిపెట్టిన కాలం ఎరిగిన మా అమ్మ అంతా విని, "దాన్ని ఎవలకు ఎక్కిస్తరు బిడ్డా?" అని ఒక్కటే అడిగింది. కరపత్ర రచయిత ఎంతో నేర్పుతో దాటవేసిన ప్రశ్న అదే.

నేర్పు అని ఎందుకంటున్నానంటే, అందులో పచ్చి అబద్ధం ఒక్కటీ లేదు. బొడ్డుతాడు రక్తంలో మూలకణాలున్నవి; నిజం. ద్రవ నైట్రోజన్‌లో, సున్నాకు 196 డిగ్రీల దిగువన వాటిని నిల్వ చేయవచ్చు, నిజం. 80కి పైగా రోగాల చికిత్సలో ఇటువంటి కణాలకు స్థానమున్నది. స్థూలంగా ఇదీ నిజమే. వెంటనే, ఇవి మీ బిడ్డకు నూటికి నూరుపాళ్లు సరిపోతాయన్న వాక్యం. విడివిడిగా చూస్తే వాచ్యార్థమంతా సరియైనదే. పక్కపక్కన పెట్టేసరికి, ఆ 80 రోగాలకూ బిడ్డ రక్తమే బిడ్డకు మందన్న వ్యంగ్యార్థం పుడుతుంది. అది అసత్యం. ఆనందవర్ధనుడు ధ్వనిని కావ్యాల కోసం ప్రతిపాదించాడు గాని, దానిని ఇంత లాభసాటిగా వాడుకున్నవారు ప్రకటనకర్తలే.

తలసీమియానే తీసుకుందాం. అది జన్యుదోషం. బిడ్డలో వున్న దోషం పుట్టిననాడు దాచిన రక్తంలోనూ వుంటుంది. రక్త క్యాన్సర్లలో కూడా పిల్లలకు తాము దాచుకున్న రక్తాన్నే తిరిగి ఎక్కించడానికి వైద్యులు వెనుకాడుతారు. రోగానికి మూలమైన మార్పు అందులోనే వుండవచ్చు. ఇటువంటి చోట్ల కావలసింది మరొకరి ఆరోగ్యకరమైన రక్తం. అసలీ చికిత్స మొదలయిందే అలా. 1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లుక్‌మాన్ బృందం, ఫాంకోనీ రక్తహీనతతో బాధపడుతున్న ఒక పిల్లవానికి మొట్టమొదటిసారి బొడ్డుతాడు రక్తం ఎక్కించింది. అది వానిది కాదు. వాని చెల్లెలు పుట్టినప్పుడు తీసినది. పారిస్ విజయాన్ని మా కరపత్రమూ కీర్తించింది. చెల్లెలిని మాత్రం వదిలేసింది.

ఇక రూపకాలు. బ్యాంకు అనీ, బీమా అనీ మాటలు వాడారు. బీమా అంటే పదిమంది చందా ఒకరి కష్టానికి అక్కరకు రావడం. ఇక్కడ ఎవరి సంచి వారిదే! 2017లో చెన్నైలోని లైఫ్‌సెల్ సంస్థ సభ్యుల నిల్వలను సభ్యులందరూ వాడుకొనే పద్ధతి ప్రవేశపెట్టింది. ఉమ్మడి సొత్తులోని బలాన్ని వ్యాపారమే ఒప్పుకోవలసి వచ్చిందన్నమాట. అయితే ఆ ఉమ్మడి గడప చందాదారులతోనే ఆగిపోయింది.

రేపటి సొంత అవసరానికని దాచుకోవడానికి శాస్త్రీయమైన ఆధారం లేదని భారత వైద్య పరిశోధనా మండలి చెప్పింది. భారత శిశువైద్య అకాడమీ 2018 ప్రకటన ధోరణీ అదే. ఇంట్లో ఈ కణాలతో నయమయ్యే జబ్బున్న పెద్దబిడ్డ వుంటే సంగతి వేరు. అప్పుడు దాచడం న్యాయం. మాకది లేదు. మేము సంతకం పెట్టలేదు. నా భార్య కొంత కాలం సంకోచించింది. ఆ సంకోచాన్ని తక్కువ చేసి మాట్లాడను. తల్లి భయాన్ని అంత సూటిగా పట్టుకోగల వచనం మన కథకులలోనూ అరుదు.

కరపత్రంలో మరొక మౌనమున్నది. తల్లీబిడ్డా బాగున్నప్పుడు, ప్రసవమైన తర్వాత కనీసం ఒక నిమిషం ఆగి బొడ్డు కోయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. ఆ వ్యవధిలో మాయలోని రక్తం బిడ్డలోకి పోతుంది, ఇనుము నిల్వలు పెరుగుతవి. ఎంత ఆగితే సంచిలోకి దిగే రక్తం అంత తగ్గుతుంది. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లలలో నూటికి 70 మందికి రక్తహీనత వున్నదని లెక్క తేల్చింది. అటువంటి చోట ఈ పేచీ చిన్నది కాదు. పైసా ఖర్చులేని ఆ నిమిషాన్ని గురించి నున్నని కాగితంమీద అచ్చువేసేవారెవరు?

వరంగల్లు సీకేఎం ప్రసూతి ఆస్పత్రి వరండాలో కూర్చునే స్త్రీలను ఉద్దేశించి మా కరపత్రం రాయలేదు. అందుకే కాబోలు, అందులో మాయ అన్న మాట లేదు, మంత్రసాని ఊసు లేదు. ప్రతి వాక్యంలోనూ ఇంగ్లీషు మాటలే తెలుగు లిపిలో తలెత్తుకుని నిలబడినవి. మన సంఘ శాఖలు ఆ ఒక్క నిమిషాన్ని గురించి ఒక పేజీ రాయించవచ్చు. మాటలకు వెతుక్కోనక్కరలేదు, మా అమ్మ తరం దగ్గర అన్నీ వున్నవి.