పాటకు తాళం, ఇంటికి కన్నం

ఇటీవల ఒక సాహిత్య సభలో పైరసీ గురించి వాదన వచ్చింది. వాదించుకున్న ఇద్దరూ మన మిత్రులే, అభ్యుదయవాదులే. కళ ప్రజల సొత్తు కనుక పాటను కాపీ చేసుకోవడం ప్రజల హక్కని ఒకరన్నారు. అనుమతి లేకుండా తీసుకున్నది ఏదయినా దొంగతనమేననీ, ఇందులో చర్చకు తావు లేదనీ రెండవవారన్నారు. సభ ముగిసింది గానీ వాదన తేలలేదు. తేలకపోవడానికి నాకు తోచిన కారణం ఒకటి వుంది. దొంగతనం అనే మాటను ఇద్దరూ చెలామణీలో వున్న నాణెంలాగా తీసుకున్నారు. ఆ నాణెం ఏ టంకశాలలో తయారయిందో, దానిమీద ఎవరి ముద్ర వుందో చూడలేదు. మాట పుట్టుకనూ, ప్రయోజనాన్నీ విచారించడం విమర్శకుని పని. అందుకు ఉదాహరణగా 2005లో అమెరికాలో బయటపడిన సోనీ బీఎంజీ వ్యవహారాన్ని తీసుకుంటున్నాను.

సోనీ, జర్మనీకి చెందిన బెర్టెల్స్‌మన్ సంస్థలు తమ సంగీత వ్యాపారాలను 2004లో కలిపి ఏర్పరచిన కంపెనీ సోనీ బీఎంజీ. 2005 అక్టోబర్ 31న మార్క్ రస్సినోవిచ్ అనే నిపుణుడు తన కంప్యూటరులో దాగివున్న ఒక ప్రోగ్రాం సంగతి బయటపెట్టాడు. వాన్ జాంట్ సోదరుల పాటల సీడీని ఆయన డబ్బిచ్చి కొన్నాడు. దాన్ని కంప్యూటరులో పెట్టినప్పుడు పాటలతోపాటు ఎక్స్‌సీపీ అనే ప్రోగ్రాం కూడా లోపలికి చేరింది. బ్రిటన్‌లోని ఫస్ట్ ఫోర్ ఇంటర్నెట్ అనే సంస్థ తయారుచేసిన ఆ ప్రోగ్రాం పని, పాటలను ఇష్టం వచ్చినన్ని కాపీలు తీయకుండా కాపలా కాయడం. అయితే ఈ కాపలావాడు ఇంటి యజమానికి కనిపించడు. ఒక ప్రత్యేకమైన గుర్తుతో పేరు మొదలయ్యే ఏ ఫైలునయినా కంప్యూటరు చూపించకుండా చేస్తాడు. ఇలా లోలోపల దాక్కునే ప్రోగ్రాములను రూట్‌కిట్ అంటారు. ఇతరుల కంప్యూటర్లలోకి దొంగచాటుగా చొరబడేవాళ్ళ పనిముట్టుగా పేరుపడినది అది.

ఒకడు వేసిన కన్నంలోంచి ఇంకొకడు కూడా దూరవచ్చు. ఆ గుర్తును పేరుకు ముందు తగిలించుకుంటే చాలు, ఏ వైరసయినా అదే తెరచాటున దాక్కుంటుంది. రెండు వారాలు గడవకముందే అలాంటివి బయలుదేరాయి. ఏ ఆల్బం వింటున్నారో తెలిపే గుర్తు కంపెనీ సర్వరుకు చేరుతున్నట్టు కూడా తేలింది. గొడవ అయ్యాక కంపెనీ ఇచ్చిన తొలగింపు సాధనం మరింత పెద్ద కన్నం వేస్తున్నదని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫెల్టన్, హాల్డర్‌మన్ చూపించారు. ఎక్స్‌సీపీ వున్నవి 52 ఆల్బములు. కంపెనీ చెప్పిన లెక్క ప్రకారమే 47 లక్షల సీడీలు దుకాణాలకు పోయాయి, 21 లక్షలు అమ్ముడయ్యాయి. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. మోసపోయినవాళ్ళు పైరసీ చేసినవాళ్ళు కారు, దుకాణానికి పోయి డబ్బిచ్చి కొన్నవాళ్ళు. పాటను వూరికే దించుకున్నవాడి ఇంటికి ఈ కన్నం పడలేదు.

దీనిమీద కంపెనీ డిజిటల్ వ్యాపార విభాగానికి అధ్యక్షుడైన థామస్ హెస్సీ ఆ నవంబరులో అమెరికన్ రేడియోలో మాట్లాడాడు. రూట్‌కిట్ అంటే ఏమిటో చాలామందికి తెలియనే తెలియదు, అలాంటప్పుడు వాళ్ళకెందుకు పట్టింపు అన్నది ఆయన మాటల సారాంశం. ఈ ధోరణి మనకు కొత్త కాదు. చదువురాని రైతు చేత ప్రోనోటు మీద వేలిముద్ర వేయించుకునే వడ్డీ వ్యాపారికి వుండే ధీమాయే ఇది. అవతలివాడి అజ్ఞానమే ఇవతలివాడి పెట్టుబడి.

ఆ వేలిముద్రకు ఈ కాలపు రూపం, తెరమీద 'అంగీకరిస్తున్నాను' అని నొక్కే మీట. ఆ మీటకు పైన వుండే ఒప్పందాన్ని ఎవరూ చదవరు. పద్యానికి ప్రతిపదార్థం చెప్పినట్టే అలాంటి పత్రానికీ చెప్పుకోవాలని నా అభిప్రాయం. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే హక్కుల సంస్థ అప్పట్లో ఆ పనే చేసింది. సీడీ ఇంట్లోంచి దొంగల పాలయితే కంప్యూటరులోని పాటలను కూడా చెరిపివేయాలి. దేశం విడిచిపోతే చెరిపివేయాలి. దివాలా తీస్తే చెరిపివేయాలి. కంపెనీ వల్ల ఎంత నష్టం జరిగినా దాని బాధ్యత 5 డాలర్లకు మించదు. ఇవీ షరతులు. అప్పుల పాలయిన మనిషికి మిగిలే ఒక్క పాటను కూడా లాగేసుకోవాలని రాసిన కలానికి యజమాని ఎవరో వేరే చెప్పాలా?

ఇప్పుడు మన అసలు ప్రశ్నకు వద్దాం. కాపీ తీయడం దొంగతనం అని ఎవరన్నారు, ఎప్పుడన్నారు? 1976లో యూనివర్సల్, డిస్నీ సినిమా సంస్థలు ఒక కంపెనీ మీద దావా వేశాయి. ఆ కంపెనీ అమ్మే వీడియో రికార్డర్లతో జనం టీవీలో వచ్చే సినిమాలను ఇంట్లో రికార్డు చేసుకుంటున్నారని ఫిర్యాదు. తరువాత చూసుకోవడం కోసం ఇంట్లో రికార్డు చేసుకోవడం న్యాయసమ్మతమేనని ఆ కంపెనీ వాదించింది. 1984లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా ఆ వాదాన్ని అంగీకరించింది. ఆ కంపెనీ పేరు సోనీ. 1988లో అదే సోనీ 200 కోట్ల డాలర్లు పోసి సీబీఎస్ రికార్డ్స్‌ను కొన్నది. యంత్రాలు అమ్ముకునే రోజుల్లో కాపీ పౌరుని హక్కయింది. పాటలకు కూడా యజమాని అయ్యాక, అదే కాపీ నేరమయింది. నీతి మారలేదు, ఆస్తి మారింది. ఆస్తి మారగానే దానికి తగిన నీతి దానంతట అదే పుట్టుకొచ్చింది. దొంగతనం అనే నాణెం మీద వున్న ముద్ర ఇదే.

ఈ నాణెంతో వసూళ్ళు ఎలా జరిగాయో కూడా చూడాలి. అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం 2003 సెప్టెంబర్ 8న ఒక్కరోజే 261 మంది సామాన్యుల మీద దావాలు వేయించింది. వారిలో న్యూయార్క్‌లోని 12 ఏళ్ళ బాలిక ఒకతె. ఆమె కుటుంబం 2,000 డాలర్లకు రాజీ పడవలసి వచ్చింది. 2008 చివరకు ఈ దావాల బారినపడ్డవారు సుమారు 35,000 మంది. 24 పాటలకు గాను మిన్నెసోటాలోని ఒక తల్లి మీద 2007లో 2,22,000 డాలర్ల తీర్పు వచ్చింది. పునర్విచారణలో అది 19 లక్షల 20 వేలకు పెరిగింది. పై కోర్టులో 2012లో మళ్ళీ మొదటి మొత్తానికి చేరింది. జడ్జి ముందుకు పోకుండానే ఇంటర్నెట్ కంపెనీల నుంచి చందాదారుల పేర్లు రాబట్టాలని కూడా ఆ సంఘం చూసింది. వెరైజన్ కంపెనీ ఎదురు తిరగడంతో 2003 డిసెంబరులో కోర్టు ఆ పద్ధతి చెల్లదన్నది.

ఇదంతా కళాకారుల కోసమేనని పరిశ్రమ చెప్పుకుంది. కళాకారుడేమన్నాడు? తమ ఆల్బంకు వేసిన తాళాన్ని తప్పించుకునే ఉపాయాన్ని స్విచ్‌ఫుట్ బృందానికి చెందిన టిమ్ ఫోర్‌మన్ 2005లో శ్రోతలకు స్వయంగా చెప్పాడు. అంతకన్నా విడ్డూరం మరొకటి వుంది. లేమ్ అనేది ఎందరో కలిసి తయారుచేసి, కొన్ని షరతులతో అందరికీ ఇచ్చిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దాని భాగాలను ఆ షరతులు పాటించకుండా ఎక్స్‌సీపీలో వాడుకున్నట్టు పరిశోధకులు కనుగొన్నారు. కాపీహక్కుకు కాపలా కాసిన ప్రోగ్రాం, సమష్టి శ్రమను అనుమతి లేకుండా మింగిన ప్రోగ్రాం కూడా!

అయితే నా మొదటి మిత్రునితో నేను పూర్తిగా ఏకీభవించలేను. నేనూ కాపీ చేసినవాణ్ణే. తొంభైలలో పాటల జాబితా రాసిన కాగితం, ఖాళీ కేసెట్టు రికార్డింగ్ సెంటరులో ఇచ్చి, రెండు రోజుల తరువాత వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. ఆ జాబితాలో సినిమా పేర్లు రాశాను తప్ప, పాట రాసినవారి పేరు ఏనాడూ రాయలేదు. ఆ శ్రమను కంపెనీ కంటే ముందు నేనే మరిచిపోయాను. కాపీ తీసినందుకు కాదు, ఆ మరపుకు నాకిప్పుడు సిగ్గు కలుగుతుంది. పాట కట్టినవాడి కూలి గురించి ఆలోచించకుండా 'కళ ప్రజలది' అనడం సులభం. పాట కట్టినవాడు కూడా ప్రజలలోని మనిషే.

మన దేశంలో ఆ కూలి కోసం జరిగిన పోరాటం వేరే దారిన నడిచింది. సినిమా పాటకు ఒక్కసారి డబ్బిచ్చి సర్వహక్కులూ రాయించుకునే పద్ధతి మీద జావేద్ అఖ్తర్ వంటి కవులు పోరాడారు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. గీతరచయిత, స్వరకర్త తమ రాయల్టీ హక్కును నిర్మాతకు రాసిచ్చినా చెల్లకుండా చేశారు. తెలుగు పాట రాసేవారికీ ఆ హక్కు వుంది. అదే సవరణలో 65ఎ సెక్షన్ కూడా వచ్చింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో డిజిటల్ తాళం తీసినవాడికి రెండేళ్ళ దాకా జైలు. మొదటిది శ్రామికుని హక్కు, రెండవది చాలావరకు తాళం యజమాని హక్కు. ఈ రెంటినీ ఒకటిగా చూపడమే పరిశ్రమ నేర్పు. రెంటినీ విడదీసి చూపడం మన బాధ్యత.

సోనీ బీఎంజీ చివరకు ఆ సీడీలను వెనక్కి తీసుకుంది. 2007 జనవరిలో అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంఘంతో రాజీ పడి, కంప్యూటరు పాడయినవారికి 150 డాలర్ల వరకు ఇవ్వడానికి ఒప్పుకుంది. అదే పని ఒక కుర్రవాడు చేస్తే శిక్ష ఇంత తేలికగా వుండేదా?

ఈనాడు సీడీయే మూలపడింది. పాట ఇంటికి రావడం లేదు. నెలనెలా అద్దె కట్టి, ఎక్కడో వున్న సర్వరులోంచి వింటున్నాం. ఏ పాట, ఏ వేళ, ఎన్నిసార్లు విన్నామో అక్కడ నమోదవుతున్నది. మనమే వెళ్ళి వాళ్ళ ఇంట్లో కూర్చున్నాక వాళ్ళు మన ఇంటికి కన్నం వేయవలసిన పనేముంది? 2005లో కన్నం కనబడింది కనుక జనం కేకలు వేశారు. ఇప్పుడు గోడే లేదు. ఇకముందు పైరసీ మీద మాట్లాడే మిత్రులు 'ఎవరు దొంగ' అని అడిగే ముందు, పాట రాసినవాడికి ఎంత ముట్టింది, విన్నవాడి నుంచి ఏమేమి తీసుకున్నారు అని రెండు ప్రశ్నలు అడగాలని నా మనవి.