నడుచుచుండగనే చోటు మారు యంత్రములు: ఒక పరిశోధన పత్రముపై విమర్శ

ఒక కంప్యూటరులో జరుగుచున్న పనిని ఆపకుండ మరియొక కంప్యూటరునకు చేర్చుట ఎట్లో వివరించిన పత్రములలో ముఖ్యమైనది 2005లో బోస్టన్ నగరమున జరిగిన ఒక సదస్సులో వెలువడినది. దాని పేరు ‘లైవ్ మైగ్రేషన్ ఆఫ్ వర్చువల్ మెషీన్స్’. కేంబ్రిడ్జి, కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయములకు చెందిన క్రిస్టఫర్ క్లార్కు, మరి ఏడుగురు కలసి దీనిని వ్రాసిరి. ఇట్లు మార్చునప్పుడు సేవ ఆగిన కాలము 60 మిల్లీసెకండ్ల వరకు తగ్గినదని వారు ప్రకటించిరి. ఈ సంఖ్య నిజమే. కాని అది ఎట్లు సాధ్యమైనదో విచారింపక సంఖ్యను మాత్రమే గుర్తుంచుకొనువారు పొరపడుదురు. ఈ విమర్శకు కారణము అదియే.

మొదట విషయమేమో చూతము. ఒక పెద్ద కంప్యూటరులో ‘హైపర్‌వైజర్’ అను ప్రోగ్రాము సహాయమున అనేక కల్పిత కంప్యూటర్లను నడుపవచ్చును. వీటికే వర్చువల్ మెషీన్లని పేరు. క్లార్కు బృందము వాడిన హైపర్‌వైజర్ పేరు జెన్. అసలు యంత్రమును మరమ్మతు చేయవలసివచ్చినను, దానిపై భారము ఎక్కువైనను, అందలి కల్పిత యంత్రమును ప్రక్క యంత్రమునకు తరలింపవలెను. అప్పుడు దానిని వాడుకొనువారికి అంతరాయము కలుగరాదు. సమస్య ఇదియే.

ఉపాధ్యాయులకు తెలిసిన ఉపమానముతో ఈ పద్ధతిని చెప్పవచ్చును. ఒక గదిలో పాఠము జరుగుచున్నది. అది ఆగకుండగనే తరగతిని ప్రక్క గదికి మార్చవలెను. ఒక విద్యార్థి నల్లబల్లపై ఉన్నదంతయు ప్రక్క గది బల్లపై ఎక్కించును. ఈలోపల ఉపాధ్యాయుడు కొన్ని పంక్తులు చెరిపి క్రొత్తవి వ్రాయును. రెండవ విడతలో విద్యార్థి మారిన పంక్తులను మాత్రమే ఎక్కించును. ఇట్లు విడతవిడతకు మిగులునది తగ్గును. చివరకు నాలుగైదు పంక్తులు మాత్రమే మిగిలినప్పుడు ఉపాధ్యాయుడు ఒక్క క్షణము ఆగి, ప్రక్క గదికి పోయి, పాఠము కొనసాగించును. ఇక్కడ నల్లబల్ల కంప్యూటరు మెమొరీ. పంక్తులు అందలి పుటలు. ఆ ఒక్క క్షణమే సేవ ఆగిన కాలము.

పత్రములోని కొలతలు మెచ్చదగినవి. 60 మిల్లీసెకండ్లు అనునది ‘క్వేక్ 3’ అను ఆటను నడుపు చిన్న యంత్రమునకు సంబంధించినది. దాని మెమొరీ 64 మెగాబైట్లు మాత్రమే. 800 మెగాబైట్ల మెమొరీతో భారమైన వెబ్ సేవ నడుపుచున్న యంత్రము 210 మిల్లీసెకండ్లు ఆగినది. దానికై మొత్తము 960 మెగాబైట్లు పంపవలసివచ్చినది. నడుచుచున్న సేవకు ఆటంకము కలుగకుండ మెల్లగా పంపిన మొదటి విడతకే 54 సెకండ్లు పట్టినది. ఆగిన కాలము వేరు, తరలింపునకు పట్టిన కాలము వేరు అని విద్యార్థులు దీనివలన గ్రహింపవలెను. ఎక్కించువాని కంటె వేగముగ బల్ల చెరిపి వ్రాయు ఉపాధ్యాయుని వంటి ప్రోగ్రామును గూడ వారు పరీక్షించిరి. అప్పుడు యంత్రము 3.5 సెకండ్లు ఆగినది. తమ పద్ధతికి ప్రతికూలమైన ఈ ఫలితమును దాచకుండ ప్రకటించుట శాస్త్రజ్ఞులకు తగిన పని.

లోపము మరియొక చోట కలదు. పాఠశాల గ్రంథాలయమును, హాజరు పట్టీని విద్యార్థి మోసికొని పోలేదు గదా! అవి రెండు గదులకును ఉమ్మడి. అట్లే ఈ ప్రయోగములలో డిస్కు కదలలేదు. అది నెట్‌వర్కుకు తగిలించిన వేరొక నిల్వ యంత్రములో ఉన్నది. రెండు కంప్యూటర్లును ‘ఐస్కజీ’ అను పద్ధతిలో దానిని చేరుచుండెను. 100 గిగాబైట్ల డిస్కును గూడ మోయవలసివచ్చినచో, సెకండునకు ఒక గిగాబిట్ పంపు తీగపై, ఏ ఆటంకము లేకున్నను, 800 సెకండ్లు పట్టును. అనగా 13 నిమిషములకు పైమాట. తరలింపు త్వరగా ముగియుటకు సగము కారణము ఉమ్మడి నిల్వయే. పత్రము దానిని ఆధునిక కేంద్రములలో ఉండునదిగా భావించి త్వరగా దాటిపోయినది.

కాని స్వయముగ ఏర్పాటు చేయువారికి కష్టమంతయు అక్కడనే ఉన్నది. నిల్వ రెండు యంత్రములకును ఒకే పేరుతో, ఒకే మార్గమున కనబడవలెను. అంతకంటె ముఖ్యము, ఒక డిస్కుపై ఒక సమయమున ఒక్కరే వ్రాయవలెను. ఇద్దరు ఉపాధ్యాయులు ఒకరినొకరు చూడకుండ ఒకే హాజరు పట్టీలో వ్రాసినచో ఆ పట్టీ ఎవరికిని పనికిరాదు. అట్లే ఒకే కల్పిత యంత్రము పొరపాటున రెండు చోట్ల మేల్కొనినచో డిస్కులోని సమాచారము చెడిపోవును. క్రొత్త యంత్రము ‘అంతయు అందినది’ అని తెలిపిన పిదపనే పాతది తన ప్రతిని విడువవలెనని పత్రము చక్కగా నియమించినది. కాని తరలింపునకు వెలుపల, ఒక నిర్వాహకుడు తొందరపడి రెండవ ప్రతిని నడిపించినచో ఏమగును? దీనికి తాళపు ఏర్పాటు నిల్వలోనే ఉండవలెను. పత్రము చదివి ఏర్పాటునకు పూనుకొనువాడు ఈ సంగతిని వేరొక చోట నేర్చుకొనవలసినదే.

మరియొక అపోహను గూడ తొలగింపవలెను. తరలింపు ఉన్నచో యంత్రము చెడినను భయము లేదని కొందరు తలంతురు. అది తప్పు. పుటలు రావలసినది పాత యంత్రము నుండియే. అది హఠాత్తుగా ఆగినచో పంపువారెవరు? నిల్వ యంత్రమే చెడినచో, దానిపై ఆధారపడిన కల్పిత యంత్రములన్నియు ఒక్కసారిగా నిలిచిపోవును. ఉమ్మడి నిల్వ అపాయమును తొలగింపదు. దానిని ఒక చోటికి చేర్చును. కావున నిల్వకు జంట, దానికి దూరముగ మరియొక ప్రతి తప్పనిసరి.

స్థానిక డిస్కుల సమస్య మిగిలియున్నదని క్లార్కు బృందము పత్రము చివర ఒప్పుకొనినది. 2012లో వియంవేర్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ఉమ్మడి నిల్వ లేకుండగనే డిస్కును గూడ తరలించు ఏర్పాట్లను అందించినవి. అయినను పెద్ద డిస్కునకు పట్టు కాలము తీగ వేగముపై ఆధారపడియే ఉన్నది. ఈ పత్రమును తరగతిలో బోధింపదగును. బోధించునప్పుడు ‘ఎంత త్వరగా కదలినది?’ అను ప్రశ్నతో ఆగక, ‘కదలకుండ ఉన్నది ఏది?’ అని గూడ విద్యార్థులచే అడిగింపవలెను.