విత్తకుండా వచ్చే కూర

జహీరాబాద్ చుట్టుపక్కల ఎర్రచెలకల్లో మిరుగు వానలు పడ్డ రెండు మూడు వారాలకు జొన్న, కంది, పెసర సాళ్ల మధ్య ఎవరూ చల్లని పచ్చదనం లేస్తుంది. గునుగు, దొగ్గలి, చెంచలి, తుమ్మి, గంగవాయిలి. వ్యవసాయ పుస్తకాల్లో ఇవన్నీ కలుపు జాబితాలో ఉంటాయి. కలుపు తీసే ఆడవాళ్లకు మాత్రం అందులో సగం కూరే. పనికిరానిది గట్టు మీద పడుతుంది, పనికొచ్చేది ఒడిలోకి చేరుతుంది. పొద్దుగూకే వేళకు చేను శుభ్రమవుతుంది, రాత్రికి కూరా సిద్ధమవుతుంది. పైరుకు కలుపు తీయడం, పొయ్యికి కూర తేవడం ఇక్కడ ఒకటే పని.

బతికుంటే బలుసాకు తినొచ్చని మన సామెత. ఆ మాటలో బలుసాకు గతిలేనివాళ్ల తిండి. విత్తని కూరలన్నిటినీ ఆ గాటనే కట్టేసి, కరువులో కడుపు నింపుకునే ఆకులుగా చూడటం చదువుకున్న వాళ్లలో ఎక్కువ. ఆ చూపుతో నాకు పేచీ ఉంది. ఏ ఆకు ఏ వారంలో తినాలి, ఏది ఉడికించి నీళ్లు పారబోయాలి, ఏది దేనితో కలిపితే చేదు విరుగుతుంది అన్నది తరాలుగా చేతి నుంచి చేతికి వచ్చిన విద్య. కరువు మనిషిని ఏదో ఒకటి తినమంటుంది. ఈ విద్య ఏరి తినమంటుంది.

గునుగునే చూడండి. బతుకమ్మలో తంగేడు పక్కన నిలిచే తెల్లని, గులాబి కంకుల గునుగు ఇదే. ఆషాఢ శ్రావణాల్లో, ఇంకా కంకి వేయకముందు, దీని లేత కొసలు కూరకు వస్తాయి. భాద్రపదం దాటితే ఆకు ముదిరి పీచు పడుతుంది. అప్పటికి అది పువ్వుల కోసమే. కూరకు గిల్లగా మిగిలినవే పండగకు పూస్తాయి, వాటి గింజలు రాలి మళ్లీ ఏడాది మొలుస్తాయి. ఎక్కడ కోయాలో కూడా చేతికే తెలుస్తుంది. కాడను బొటనవేలి గోటితో నొక్కితే టక్కున తెగాలి. పీచు సాగిందంటే ఒక కణుపు పైకి జరగాలి.

గంగవాయిలిని కొన్ని చోట్ల పాయలకూర అంటారు. ఎర్రటి కాడ, నీరుపట్టిన చిన్న ఆకులు, నేలను పట్టుకుని పాకే తీరు దీని గుర్తులు. నీటి ఎద్దడి ఉన్నప్పుడు ఈ మొక్క రాత్రిపూట గాలి పీల్చుకుని ఆమ్లంగా దాచుకుంటుంది, పగలు దాన్ని ఖర్చు చేస్తుంది. అందుకే అప్పుడు పొద్దున కోసింది పుల్లగా, సాయంత్రం కోసింది చప్పగా ఉంటుంది. పప్పులో పులుపు కావాలంటే ఎప్పుడు కోయాలో ఇంక చెప్పక్కర్లేదు. చేపల్లో ఉంటాయని మనం వినే ఒమేగా 3 కొవ్వుల జాతికి చెందిన ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఆకుకూరల్లో దీనిలోనే బాగా ఉంటుంది. ఆక్సలేట్లూ ఎక్కువే. మూత్రపిండాల్లో రాళ్ల బాధ ఉన్నవాళ్లు దీన్ని మానుకోవడం మంచిది, మిగతావాళ్లు ఉడికించి నీళ్లు వార్చేసి వండుకోవచ్చు. నేల మీద ఇలాగే పాకే నానబాలు జాతి మొక్కలతో దీన్ని పొరబడే వీలుంది. కాడ విరిస్తే తెల్లని పాలు కారాయంటే అది గంగవాయిలి కాదు.

తుమ్మికూర తెలంగాణలో వినాయక చవితికి తప్పనిసరి. చేదు కదా అని పారేసే ఆకును ఏడాదికి ఒకసారైనా నోట్లో పెట్టించిన పండగ అది. మామూలు రోజుల్లో దాని చేదును కలగూర సరిచేస్తుంది. పుల్లని గంగవాయిలి, చప్పని దొగ్గలి, చేదు తుమ్మి ఒకే కుండలో పడితే ఏ రుచీ పెత్తనం చేయదు. పెసరపప్పో, నువ్వుల పొడో, ఎల్లిపాయ కారమో తోడైతే జొన్నరొట్టెకు అంతకన్నా ఏం కావాలి? ఈ కూరకు పెట్టే పోపులో ఒక శాస్త్రమూ ఉంది. ఆకుకూరల్లోని బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త నూనె కావాలి. ఈ కూరలు వచ్చే కాలాన్ని కూడా గమనించాలి. పాత గింజలు గాదెలో అడుగంటి, కొత్త పంట ఇంకా చేతికి రాని నెలల్లోనే ఇవి పైసా ఖర్చు లేకుండా వస్తాయి.

నల్లమలలో చెంచులది ఇదే విద్యకు మరో రూపం. వాళ్ల కూర నేల లోపల ఉంటుంది. ఎండిపోతున్న తీగను చూసి కింద దుంప ఎంత దిగిందో అంచనా కట్టి, మొనతేలిన కర్రతో తవ్వి, దుంప తీసుకుని తీగ మొదలును కొంత గడ్డతో సహా గుంటలో వదిలి మన్ను కప్పుతారు. మళ్లీ వానకు అది చిగురిస్తుంది. అడవి దుంపల్లో చేదువాటిని పలచగా కోసి నీళ్లలో నానబెట్టి, విషం వదిలాకే ఉడికిస్తారు. ఈ ఓపిక లేనివాళ్లు అడవి దుంప జోలికి పోకూడదు. అగ్నిశిఖ దుంపను తినే దుంపనుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అందులోని కోల్చిసిన్ ఉడికించినా పోదు.

ఇలాంటి ప్రమాదం ఆకుల్లోనూ ఉంది. తంటెం లేత ఆకు తింటారు. దాని దాయాది కసివింద. రెండూ పసుపు పువ్వులే పూస్తాయి, రెండూ బీడుల్లోనే పెరుగుతాయి. తంటెం ఆకుల కొస గుండ్రంగా, జతలు సాధారణంగా మూడు. కసివింద ఆకు కొస వాడిగా ఉంటుంది, జతలు నాలుగైదు, నలిపితే వెగటు వాసన. మన ఏజెన్సీకి ఆనుకునే ఉన్న ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో 2016లో పెద్ద సంఖ్యలో పిల్లలు చనిపోయినప్పుడు, మెదడువాపు వ్యాధితో పాటు కసివింద గింజల విషం కూడా కారణమని వైద్య నిపుణులు తేల్చారు. పుట్టకొక్కుల విషయంలోనూ ఇంతే. పసుపు వేసి, ఉల్లిపాయ వేసి రంగు మారిందా లేదా అని చూసే పరీక్షలను అసలు నమ్మొద్దు. తెలిసిన మనిషి, తెలిసిన పుట్ట, తెలిసిన ఆకారం, ఈ మూడూ కలిస్తేనే తినాలి. మురికి కాలవల పక్కన దట్టంగా పెరిగే పొన్నగంటి చూడ్డానికి బావుంటుంది కానీ, నీళ్లలోని సీసం లాంటి లోహాలను అది లాక్కుంటుంది. దాన్ని కోయకండి.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళా రైతులు. చిరుధాన్యాలను నిలబెట్టినందుకు వాళ్లకు 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఏటా సంక్రాంతి వేళ వాళ్ల పాత పంటల జాతర ఊరూరా తిరుగుతుంది. ధాన్యాల గురించి అందరూ రాశారు. నాకు అంతకన్నా విలువైనదిగా కనిపించేది వాళ్లు విత్తని కూరలనూ పంటగానే లెక్కించడం. ఆ పల్లెల్లో కూర ఎవరి చేలో మొలిచినా కోసుకోవడానికి అడగక్కర్లేదు. జొన్న కంకి చేను గలవాడిది, గునుగు కొస కోసుకున్నవాళ్లది.

ఇప్పుడు ఆ హక్కే పోతోంది. మక్కచేలో అట్రజిన్ కొడుతున్నారు. పత్తికి కలుపు మందు తట్టుకునే విత్తనాలు అనుమతి లేకుండానే ఊళ్లలోకి వచ్చాయి, వాటి వెంట గ్లైఫోసేట్ వచ్చింది. కూలి ఖర్చు తగ్గిందని రైతు ఊపిరి పీల్చుకుంటాడు. అతని ఇబ్బంది నిజమైనదే, కాదనను. కానీ ఒక్క పిచికారీతో ఆ చేలో కలుపు తీసే ఆమె కూలి పోతుంది, ఒడిలోని కూర పోతుంది, ఏ కొస ఎక్కడ గిల్లాలో పక్కన నడిచే బిడ్డకు చూపించే చోటూ పోతుంది. భూమి ఉన్నవాడి లెక్కలో ఈ నష్టం ఎక్కడా పడదు. మార్కెట్‌కు రాని తిండి కాబట్టి సర్కారు లెక్కల్లోనూ పడదు.

నేర్చుకోవాలనుకునేవాళ్లు గంగవాయిలితో మొదలుపెట్టొచ్చు, పాల పరీక్ష మరచిపోకుండా. మందు కొట్టని చేను, కలుపు తీస్తూ పెరిగిన పెద్దమ్మ ఒకరు దొరికితే చాలు. ఆమె చూపించిన ఒక్క ఆకును వాన మొదలైనప్పటి నుంచి గింజ రాలేదాకా గమనించి, తర్వాతే రెండోదానికి వెళ్లాలి. సొంత చేను ఉన్నవాళ్లు గట్ల వెంట రెండు సాళ్లకు మందు కొట్టకుండా వదలొచ్చు. ఆ రెండు సాళ్లలో ఏం మొలిచిందో కోసుకోవడానికి ఊళ్లో ఎవరైనా రావచ్చని ముందే చెప్పి మరీ వదలాలి.