బొబ్బిలి కథలో కపటం - పతనం : విషాదాంత నిర్మాణ పరిశీలన

విజయనగరం నుంచి గజపతినగరం మీదుగా సాగే దారి బొబ్బిలికి చేరుతుంది. ఆ దారికి రెండు కొసలా ఉన్న సంస్థానాల వైరం 1757 జనవరి 24న బొబ్బిలి కోట పతనంతో పరాకాష్ఠకు చేరింది. ఆ విషాదాన్ని పెద్దాడ మల్లేశం కథాగేయంగా, దిట్టకవి నారాయణకవి ‘రంగరాయచరిత్ర’ కావ్యంగా నిలిపారు. శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి, వేదం వేంకటరాయశాస్త్రి దాన్ని నాటకాలుగా మలిచారు. ఈ సంప్రదాయంలో ప్రతినాయకుడు విజయరామరాజు. అయితే రంగారావు పతనానికి అతని కపటం ఒక్కటే చాలిన కారణమా? అదే నిజమైతే బొబ్బిలి కథ మోసపోయిన రాజు కథ మాత్రమే అవుతుంది. విషాదాంత గౌరవం దానికి దక్కదు.

ముందుగా కపటం పనిచేసిన తీరును గమనించాలి. ఈ ప్రాంతపు పగలు, వంశమర్యాదలు ఫ్రెంచి సేనాని బుస్సీకి పరాయివి. వాటిని అతడు దుబాసీ హైదరుజంగు నోట వినవలసిందే. కథాగేయంలో విజయరామరాజు ధనంతో లోబరచుకొన్నది ఆ నోటినే. పగ విజయనగరానిది, ఫిరంగులు ఫ్రెంచివారివి. ఆ రెంటినీ కలిపింది దుబాసీ మాట. కనుక ఈ కథలో కపటానికి అసలు నెలవు ఇద్దరి మధ్య నిలిచిన అనువాదం.

రాబర్ట్ ఓర్మ్ రచించిన చరిత్రలో కారణక్రమం కొంత భిన్నంగా ఉంది. బొబ్బిలి అడవిలో ఫ్రెంచి సిపాయిలపై దాడి జరిగింది. ఆ ఘటనను విజయరామరాజు తనకు అనుకూలంగా వాడుకొన్నాడు. పిత్రార్జితమైన నేలను విడిస్తే అంతకన్న విలువైన భూములిస్తానని బుస్సీ చెప్పగా రంగారావు తిరస్కరించాడు. ఈ తిరస్కారం కీలకం. శత్రువు పన్నాగం యుద్ధాన్ని గుమ్మం దాకా తెచ్చింది. తలుపు మూసి నిలిచిన నిర్ణయం మాత్రం రంగారావుదే.

షేక్స్పియర్ ‘ఒథెల్లో’తో పోలిస్తే ఈ అంశం మరింత స్పష్టమవుతుంది. ఇయాగో ఒథెల్లోకు అబద్ధాన్ని నమ్మించి అతని చేతనే భార్యను చంపిస్తాడు. రంగారావు విషయంలో మోసపోయినవాడు బుస్సీ. రంగారావుకు శత్రువెవరో తెలుసు. తెలిసీ తలవంచకపోవడం, ఆడవారూ పిల్లలూ శత్రువుల చేజిక్కకుండా వారి మరణానికే పూనుకోవడం అతని విషాదం. ఒథెల్లోది భ్రాంతి, రంగారావుది మానం. అతని ఔన్నత్యానికి ఆధారమైన గుణమే కోటలోని నిరపరాధులకు మృత్యువైంది. వీరగాథగా మాత్రమే చదివితే ఈ భయంకరమైన వైరుధ్యం మరుగున పడుతుంది.

తాండ్ర పాపారాయుడు డేరాలో చొరబడి విజయరామరాజును చంపడంతో కపటానికి శిక్ష పడింది. కాని ఆ శిక్ష కోటలో పోయిన ప్రాణాలను తిరిగి తేలేదు. ఓర్మ్ చెప్పిన మరొక సంగతి ఇక్కడ గమనార్హం. తండ్రి సంకల్పానికి విరుద్ధంగా ఒక వృద్ధుడు రంగారావు కుమారుణ్ని కాపాడి ఫ్రెంచివారికి అప్పగించాడు. బొబ్బిలి వంశాన్ని నిలిపింది ఆ ధిక్కారమే. ప్రతినాయకుని కపటం, నాయకుని మానం కలిసి తెచ్చిన సర్వనాశనానికి ఎదురు నిలిచినవాడు ఆ పేరులేని వృద్ధుడు. బొబ్బిలి కథపై సాగే విమర్శ అతనికి కూడా చోటివ్వాలి.