కుమార్తులి కుర్రాళ్లు

ఈ కాలం పిల్లలకు ఒళ్లు వంగదు. మన ఊళ్లలో కుమ్మరి నోటా, నేతగాడి నోటా వినే ఈ మాటే ఉత్తర కలకత్తాలోని కుమార్తులిలోనూ వినబడుతుంది. తరతరాలుగా దుర్గ విగ్రహాలు చేస్తున్న పాల్ కుటుంబాల పేట అది. కొడుకులు డిగ్రీలు చదివి ఆఫీసులకూ యాప్ డెలివరీలకూ పోతున్నారని పెద్దల దిగులు. ఆ దిగులు నాకు అర్థమవుతుంది. ఆ నింద మాత్రం నేను ఒప్పుకోను.

అసలు ఆ పని చూడండి. వెదురు కట్టు మీద వరిగడ్డిని జనపతాడుతో బిగించి ఆకారం తెస్తారు. దాని మీద ఊక కలిపిన జిగట మన్ను పట్టిస్తారు. అది ఆరి బీటలిచ్చాక మెత్తటి మన్ను, మట్టినీళ్లలో ముంచిన గుడ్డపీలికలు. ఆపైన తెల్ల పూత, రంగు, వార్నిష్. ఇదంతా వానాకాలంలో, మనిషి మసలడానికి చోటు లేని కొట్లలో, ప్లాస్టిక్ పట్టాల కింద. ఎండ రాకపోతే బర్నర్ మంటతో ఆరబెట్టాలి. గడ్డికీ మట్టికీ కూలీలకీ ముందే అప్పు తేవాలి. సొమ్ములో పెద్ద భాగం చేతికొచ్చేది పూజ దగ్గర పడ్డాకే. ఇది చూస్తూ పెరిగిన కుర్రాడు నెలజీతం కోరుకుంటే బద్ధకం అంటామా? రాత్రి పొద్దుపోయాక వానలో అన్నం పొట్లాలు మోసుకెళ్లేవాడు కష్టానికి జడిసినవాడా? ఆ మాటకొస్తే, అదే కొట్లలో బెంగాల్‌లోని నదియా జిల్లా నుంచి వచ్చి, విగ్రహాల మధ్యే నిద్రపోతూ పనిచేస్తున్నవాళ్లలోనూ కుర్రాళ్లున్నారు. వాళ్లు ఎవరి లెక్కలోకీ రారు.

కొత్త చేతుల మీద అనుమానం అక్కడ కొత్త కాదు. 1924లో లండన్ వెంబ్లీ ప్రదర్శనకు వెళ్లొచ్చిన కుమార్తులి శిల్పి గోపేశ్వర్ పాల్, తర్వాతి దశకంలో ఒకే చట్రంలో ఉండే దుర్గ విగ్రహాన్నీ ఆమె పిల్లల విగ్రహాలనూ విడదీసి నిలబెడితే సంప్రదాయం చెడిందన్నారు. ఇవాళ ఆ పద్ధతి వాడవాడలా కనిపిస్తుంది. 1994లో తండ్రి పోయాక చైనా పాల్ అనే అమ్మాయి ఆయన విగ్రహాల కొట్టు అందుకుంది. ఆడపిల్లకు ఈ పనేమిటన్న చూపులను దాటుకుని పేరు తెచ్చుకుంది.

2021 డిసెంబరులో యునెస్కో కలకత్తా దుర్గాపూజను వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషమే. కానీ ఆ గౌరవం పనివాడి అప్పు తీర్చదు.

మన హైదరాబాదుకూ విశాఖకూ బెంగాల్ విగ్రహ కళాకారులు ఏటా వస్తారు. ఉత్సవ కమిటీల వారికి నా మనవి ఒక్కటే: బేరమాడి వాళ్ల కూలి తగ్గించకండి. సగం సొమ్ము ముందే ఇవ్వండి, మిగతాది విగ్రహం మండపానికి చేరిన రోజే చేతిలో పెట్టండి.