కల్పిత జాతులకు నేల: ముచుకుందుని కథ నుంచి కాలకేయుల వరకు

కల్పనా కథల్లో పాత్రకు రూపమివ్వడం సులభం; ఆ పాత్ర పుట్టిన జాతికి బతుకునివ్వడం కష్టం. ఈ భేదానికి రెండు ఉదాహరణలను పరిశీలిద్దాం.

భాగవత దశమ స్కంధంలో గుహలో నిద్రిస్తున్న ముచుకుందుని చూపు సోకి కాలయవనుడు భస్మమవుతాడు. వికారాబాదు స్థలపురాణం ఆ రాజర్షిని అనంతగిరికి చేర్చి, అక్కడ పుట్టే మూసీని ముచుకుందా నదిగా చెబుతుంది. నాయకునికి కొండ, గుహ, నది దక్కాయి. కాలయవనుని జనం మాత్రం మూడు కోట్ల సేనగా లెక్కకే మిగిలారు.

‘బాహుబలి’ (2015) ఈ లోపాన్ని మరింత పెంచింది. కాలకేయుల కోసం మదన్ కార్కి ‘కిలికి’ భాషను నిర్మించారు. అది మెచ్చదగిన కృషి. కానీ మహాభారత అరణ్యపర్వంలో కాలకేయులకు కాలక అనే తల్లి, ఆమె తపఃఫలంగా హిరణ్యపురమనే నగరం ఉన్నాయి. చిత్రం పేరును గ్రహించి, తల్లినీ నగరాన్నీ విడిచింది. ఫలితంగా నల్లని మేను, క్రౌర్యమే జాతిలక్షణాలయ్యాయి. రంగును బట్టి స్వభావాన్ని నిర్ణయించే లోకరీతికి ఇది బలమిచ్చింది.

తాండూరును చూస్తే జాతి నిర్మాణానికి కావలసినదేమిటో తెలుస్తుంది. అక్కడి నేల నాపరాయిని, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన కందిని ఇచ్చింది. ఇంటి గచ్చు, తినే పప్పు, చేసే కూలి ఆ నేలతో ముడిపడినవే. కల్పిత జాతికీ అటువంటి ఆధారం అవసరం. శత్రువు ఏమి తింటాడో, ఎక్కడ నిద్రిస్తాడో ఆలోచించిన రచయిత అతనిని కేవలం రాక్షసునిగా చిత్రించలేడు.